విద్యుద్దీపాన్ని విభజించిన కథ

ఒక గదిలో దీపం ఆర్పితే పక్క గదిలో దీపం ఆరిపోదు. వంటింట్లో దీపం వేసినంత మాత్రాన వసారాలోని దీపం మసకబారదు. ఇది మనకు ఎంతగా అలవాటైపోయిందంటే, మరొక విధంగా ఉండవచ్చునన్న ఊహే తట్టదు. కాని 1878 ప్రాంతంలో పేరుమోసిన విద్యుత్ నిపుణులు పలువురు, ఒకే యంత్రం నుంచి వందలాది చిన్న దీపాలను ఇట్లా స్వేచ్ఛగా వెలిగించడం సాధ్యం కాదని నమ్మారు. నమ్మి ఊరుకోలేదు, లెక్క వేసి చూపించారు. ఆ లెక్కలో గుణకార భాగహారాలు సరిగానే ఉన్నవి. అయినా నాలుగేళ్ళు తిరిగేసరికి న్యూయార్కు నగరంలో ఆ దీపాలు వెలిగినవి.

హైస్కూలు భౌతికశాస్త్ర పుస్తకంలో శ్రేణి సంధానం, సమాంతర సంధానం అని రెండు బొమ్మలు, వాటి కింద రెండు సూత్రాలు ఉంటాయి. శ్రేణిలో నిరోధాలను కూడాలి. సమాంతరంలో వాటి విలోమాలను కూడాలి. విద్యార్థి వల్లెవేస్తాడు, పరీక్షలో రాస్తాడు, మరచిపోతాడు. పైన చెప్పిన నిపుణులకు ఈ రెండు సూత్రాలూ కొట్టినపిండి. అందుచేతనే వారి పొరపాటు తెలుసుకోదగినది.

సూత్రాలు ఎట్లా వచ్చినవి?

1800లో వోల్టా తన ఘటమాలను ప్రకటించాడు. రెండు వేర్వేరు లోహాల బిళ్ళలను, వాటి నడుమ ఉప్పునీటితో తడిపిన అట్టముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చిన దొంతర అది. పేర్చినకొద్దీ షాకు పెరుగుతుంది. అది శ్రేణి సంధానమే. తరువాత కొందరు దొంతర పేర్చడానికి బదులు రాగి పలకలన్నిటిని ఒకచోటికి, జింకు పలకలన్నిటిని మరొకచోటికి కలిపి చూశారు. దీని షాకు మనిషికి తెలియనంత స్వల్పం. కాని లావుపాటి తీగను ఎర్రగా కాల్చగలదు. అది సమాంతర సంధానం. మొదటి దానికి ‘తీవ్రత’ ఎక్కువ, రెండవ దానికి ‘రాశి’ ఎక్కువ అని ఆనాటివారు చెప్పుకొనేవారు. అమెరికాలో ఆల్బనీ పట్టణపు విద్యాలయంలో పాఠాలు చెప్పే జోసెఫ్ హెన్రీ 1831లో ఈ తేడాను విద్యుదయస్కాంతాలకు అన్వయించాడు. పొట్టి తీగచుట్లు అనేకం పక్కపక్కన కలిపిన అయస్కాంతానికి పెద్ద పలకల ఘటం ఒక్కటి చాలు. దూరం నుంచి పొడుగైన తీగ ద్వారా పనిచేయవలసిన అయస్కాంతానికి ఘటాలు అనేకం వరుసగా కావాలి. ఏ మూలానికి ఏ పరికరం జోడు కుదురుతుందో చూడాలన్న తెలివి ఇక్కడ ఉన్నది. అప్పటికి హెన్రీకి ఓమ్ నియమం తెలియదు.

ఓమ్ కూడా బడిపంతులే. జర్మనీలో కొలోన్ పట్టణంలో గణితం, భౌతికశాస్త్రం బోధిస్తూ 1826లో కొలతలు చేశాడు. ఆనాటి ఘటాలు నిలకడ లేనివి. అందుచేత అతడు రాగి, బిస్మతు లోహాల అతుకులలో ఒకదానిని మరిగే నీటిలో, రెండవదానిని మంచులో ఉంచి, ఆ ఉష్ణోగ్రతా భేదం వల్ల పుట్టే స్థిరమైన విద్యుత్తును వాడుకొన్నాడు. 1827లో అచ్చయిన అతని గ్రంథానికి స్వదేశంలో ఆదరణ రాలేదు. లండన్ రాయల్ సొసైటీ 1841లో కోప్లే పతకం ఇచ్చిన తరువాత గాని అతని పేరు నిలదొక్కుకోలేదు.

ఓమ్ సమీకరణంలో ఒక అంశాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. అతడు ప్రవాహాన్ని లెక్కించేటప్పుడు బయటి తీగ నిరోధం ఒక్కటే తీసుకోలేదు; మూలపు సొంత నిరోధాన్ని, అనగా వలయంలో ఎప్పుడూ ఉండే ఆ మిగతా భాగాన్ని, దానికి కలిపి భాగించాడు. పాఠ్యపుస్తకాల్లో ఈ లోపలి నిరోధాన్ని ఒక పక్కకు నెట్టివేయడం పరిపాటి. మన కథ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

1845లో ఇరవైయొక్క ఏళ్ళ విద్యార్థి కిర్కాఫ్ ఎంత చిక్కుపడిన వలయానికైనా సరిపోయే నియమాలు ఇచ్చాడు. తీగలు కలిసే చోటికి ఎంత ప్రవాహం వస్తుందో అంతే పోతుంది. ఒక చుట్టు తిరిగి వస్తే పొటెన్షియల్ ఎక్కుదల దిగుదలలు సరిసమానమవుతాయి. వీరందరికంటె అర్ధశతాబ్దం ముందే ఇంగ్లండులో కావెండిష్, విద్యుత్తు ఒక్క దారినే పట్టిపోక, ఉన్న దారులన్నిటిలోనూ వాటి నిరోధాన్నిబట్టి పంచుకొని పోతుందని గ్రహించాడు. మీటరు లేదు గనుక తన శరీరానికి తగిలే షాకునే కొలమానంగా పెట్టుకొన్నాడు. ఆ ప్రయోగాలలో అధికభాగం కాగితాల కట్టల్లోనే ఉండిపోయి, 1879లో మాక్స్‌వెల్ సంపాదకత్వంలో వెలువడింది. సరిగ్గా ఆ ఏడే దీపాల వివాదం ముమ్మరంగా ఉన్నది.

వీథిలో సూర్యుడు, ఇంట్లో చీకటి

అప్పటికి ఉన్న విద్యుద్దీపం ఆర్క్ దీపం. రెండు కర్బన కడ్డీల మొనలను ఆనించి కొద్దిగా ఎడం చేస్తే, ఆ సందులో ప్రవాహం మండి కళ్ళు మిరుమిట్లు గొలిపే కాంతి వస్తుంది. 1878లో పారిస్ ప్రదర్శనశాలకు వెళ్ళినవారు, ఒపెరా వీథిలో రష్యా దేశస్థుడు యాబ్లోచ్కోవ్ అమర్చిన ఈ కోవ దీపాలను చూసి ఆశ్చర్యపోయారు. మరుసటి సంవత్సరం ఏప్రిల్ 29న అమెరికాలోని క్లీవ్‌లాండు నగరపు కూడలిలో చార్లెస్ బ్రష్ 12 ఆర్క్ దీపాలు వెలిగించాడు.

ఆర్క్ దీపాలను శ్రేణిలోనే కలిపేవారు. దానికి కారణం ఉన్నది. మామూలు తీగలో ప్రవాహం పెరగాలంటే వోల్టేజి పెరగాలి. ఆర్క్ స్వభావం దీనికి విరుద్ధం. ప్రవాహం పెరిగితే దానికి కావలసిన వోల్టేజి తగ్గుతుంది. కనుక రెండు ఆర్క్ దీపాలను ఊరికే సమాంతరంగా కలిపితే, ఏది కొంచెం ముందంజ వేస్తే అది ప్రవాహమంతా లాగివేసుకొంటుంది, రెండవది ఆరిపోతుంది. వరుసలో పెడితే ఆ పేచీ లేదు, అన్నిటిలోనూ ఒకే ప్రవాహం పోక తప్పదు. అయితే వరుసలో ఒక్క దీపం చెడితే అన్నీ ఆరిపోవాలి గదా? బ్రష్ ప్రతి దీపంలోనూ ఒక విద్యుదయస్కాంతం అమర్చాడు. దీపం చెడగానే అది పనిచేసి ప్రవాహానికి పక్కదారి కల్పిస్తుంది. దీపాలు ఎన్ని ఉన్నా ప్రవాహం సుమారు 10 ఆంపియర్ల దగ్గర నిలిచేటట్లు డైనమోను సర్దాడు. ఒక్కొక్క దీపానికి దాదాపు 50 వోల్టులు కావాలి గనుక, 40 దీపాల వరుసకు 2,000 వోల్టులు కావలసివచ్చేవి.

2,000 వోల్టుల తీగ ఇంట్లోకి రాదు. వచ్చినా, వేల కొవ్వొత్తుల కాంతి గల దీపం కింద కూర్చుని ఎవరూ భోజనం చేయలేరు. ఇండ్లలో అప్పుడున్నది గ్యాసుదీపం. దాని వెలుగు పది పదహారు కొవ్వొత్తుల పాటిది. కావాలంటే వెలిగించవచ్చు, వద్దంటే ఆర్పవచ్చు. ఒక పెద్ద విద్యుద్దీపాన్ని ఈపాటి చిన్న దీపాలుగా పంచడం ఎట్లా? ‘విద్యుద్దీప విభజన’ అని ఈ సమస్యకు పేరు పెట్టారు. 1878 సెప్టెంబరులో ఎడిసన్ తాను దీనిని సాధించినట్లేనని పత్రికలకు చెప్పాడు. నిజానికి అప్పటికి అతని చేతిలో పనికివచ్చే దీపం లేదు. ఆ మాటకే అక్టోబరులో లండన్‌లో గ్యాసు కంపెనీల వాటాల ధరలు పడిపోయినవి. మరుసటి ఏడు బ్రిటిష్ పార్లమెంటు విచారణసంఘాన్ని కూడా నియమించింది.

అసాధ్యమన్న లెక్క

అసాధ్యమన్నవారిలో ముఖ్యుడు బ్రిటిష్ పోస్టాఫీసు విద్యుత్ నిపుణుడు విలియం ప్రీస్. అనుభవజ్ఞుడు, సూత్రాలు తెలిసినవాడు. ఆ పక్షం వాదాన్ని సులభమైన అంకెలలో చెప్పుకొందాం.

ఒక దీపం ఉన్న వలయంలో అట్టివే పది శ్రేణిలో పెడితే నిరోధం పదిరెట్లు, ప్రవాహం పదోవంతు. వేడి ప్రవాహపు వర్గాన్నిబట్టి ఉంటుంది గనుక ఒక్కొక్క దీపంలో నూరోవంతు వేడి పుడుతుంది. సరే, సమాంతరంగా పెడితే? యంత్రం ఇచ్చే ప్రవాహం పది దారుల్లో పంచుకొంటుంది. ఒక్కొక్క దీపానికి పదోవంతు ప్రవాహం, మళ్ళీ నూరోవంతు వేడి. ఇటు చూసినా అటు చూసినా దీపం చచ్చిపోతుంది! వేడి కాస్త తగ్గితే కాంతి అంతకంటె ఎక్కువగా పడిపోతుంది గనుక, పదిమందికి పంచిన దీపం ఎవరికీ వెలుగు ఇవ్వదు.

ఈ వాదంలో దోషాన్ని తరగతిలో ఒక్క క్షణం ఆగి విద్యార్థుల చేతనే పట్టించవచ్చు. సమాంతర సంధానాన్ని లెక్కించేటప్పుడు, యంత్రం ఇచ్చే మొత్తం ప్రవాహం మారదని చెప్పకుండానే అనుకొన్నారు. దారులు పెరిగితే వలయపు మొత్తం నిరోధం తగ్గాలి, ప్రవాహం పెరగాలి. పెరగనిది ఎప్పుడు? నిరోధంలో అధికభాగం యంత్రం లోపలే ఉన్నప్పుడు. ఆనాటి యంత్రాలు, ఘటమాలలు నిజంగానే అట్టివి. అదీగాక, బయటి నిరోధం లోపలి నిరోధంతో సమానమైతేనే యంత్రం నుంచి గరిష్ఠ సామర్థ్యం వస్తుందన్న నియమాన్ని వేదవాక్కుగా పట్టుకొని యంత్రాలను అట్లాగే వాడేవారు. గరిష్ఠంగా పని రాబట్టడం వేరు, పొదుపుగా పని రాబట్టడం వేరు. నిరోధాలు సమానమైతే సగం శక్తి యంత్రాన్ని కాచడానికే పోతుంది.

ఉపాధ్యాయులు ఈ రెండు లెక్కలు నల్లబల్లపై వేయించవచ్చు. 110 వోల్టుల యంత్రం, లోపలి నిరోధం 1 ఓమ్, దీపం నిరోధం 1 ఓమ్ అనుకొందాం. ఒక్క దీపం ఉంటే ప్రవాహం 55 ఆంపియర్లు. పది దీపాలు సమాంతరంగా పెడితే బయటి నిరోధం 0.1 ఓమ్; మొత్తం ప్రవాహం 100, ఒక్కొక్క దీపానికి 10 ఆంపియర్లు. దీపంలో వేడి ముప్పైయోవంతుకు పడిపోయింది. పదకొండు పాళ్ళ శక్తిలో పది పాళ్ళు యంత్రం పొట్టలోనే ఖర్చు. ప్రీస్ పక్షం గెలిచింది.

ఇప్పుడు లోపలి నిరోధం 0.1 ఓమ్, దీపం నిరోధం 110 ఓములు చేయండి. ఒక్క దీపానికి దాదాపు 1 ఆంపియరు. పది పెడితే ఒక్కొక్క దానికి 0.99. నూరు పెట్టినా 0.92. అవే సూత్రాలు, అదే సంధానం. దీపాలు ఒకదాని జోలికి ఒకటి పోకుండా వెలుగుతున్నవి. ఎడిసన్ తరువాత కట్టిన పెద్ద డైనమోల లోపలి నిరోధం ఈ 0.1 కంటె కూడా ఎంతో తక్కువ.

టార్చి ఘటంతో దీనిని కళ్ళకు కట్టించవచ్చు. బాగా వాడి నీరసించిన ఘటానికి ఒక టార్చి బల్బు తగిలించి, పక్కన సమాంతరంగా రెండవది తగిలిస్తే మొదటిది మసకబారుతుంది. కొత్త ఘటంతో చేస్తే ఆ తేడా అంతగా కనబడదు. ఘటం ఎప్పుడూ ఒకే ప్రవాహాన్ని ఇస్తుందని విద్యార్థులు అనుకోవడం ఉపాధ్యాయులందరూ ఎరిగినదే. ఆ పొరపాటును తేలికగా చూడకూడదు. 1879లో దానిని చేసినవారు సామాన్యులు కారు.

రాగి ఖరీదు

ఎడిసన్‌ను ఈ దారికి మళ్ళించినది ముఖ్యంగా రాగి ఖరీదు. అతని సహాయకుడు ఫ్రాన్సిస్ అప్టన్ బెర్లిన్‌లో హెల్మ్‌హోల్ట్జ్ దగ్గర చదువుకొన్న గణితజ్ఞుడు. ఊరంతటికీ సమాంతరంగా తీగలు వేస్తే ఎంత రాగి కావాలో లెక్క వేశారు. 100 వాట్ల దీపం 1 ఓమ్ నిరోధంతో చేస్తే దానికి 10 వోల్టులు, 10 ఆంపియర్లు కావాలి. అట్టివి నూరు దీపాలైతే 1,000 ఆంపియర్లు. దారిలో పదోవంతు మాత్రమే నష్టం కావాలంటే తీగల నిరోధం 0.001 ఓమ్ దాటకూడదు. అదే దీపాన్ని 100 ఓములతో చేస్తే 100 వోల్టులు, 1 ఆంపియరు. నూరు దీపాలకు 100 ఆంపియర్లు. తీగల నిరోధం 0.1 ఓమ్ దాకా ఉండవచ్చు. అంటే రాగి నూరోవంతుతో సరి. వెలుగు ఒక్కటే, వాట్లు ఒక్కటే. తీగ మాత్రం దూలం నుంచి చువ్వ అయింది.

కనుక కావలసినది సన్నని, పొడవైన, అధిక నిరోధం గల తంత్రి. ఇంగ్లండులో జోసెఫ్ స్వాన్ 1878–79లోనే కర్బన దీపాన్ని సభలలో చూపించాడు. కాని అది లావుపాటి కడ్డీ, తక్కువ నిరోధం. దీపంగా అది మంచిదే, ఊరికి పంచడానికి పనికిరాదు. దీపాన్ని ఎవరు కనిపెట్టారన్న పాత తగాదాలో ఈ భేదాన్ని చాలామంది గమనించరు. అధిక నిరోధం, సమాంతర సంధానం అన్న ఊహ ఎడిసన్ ఒక్కడిదీ కాదు. ఇంగ్లండులో లేన్ ఫాక్స్ 1878లోనే ఆ మార్గంలో పేటెంట్లు తీసుకొన్నాడు. ఎడిసన్ చేసినదల్లా దానిని చివరిదాకా పట్టుకుపోవడం. 1879 అక్టోబరులో, బొగ్గుగా మార్చిన నూలుదారంతో చేసిన దీపం అతని ప్రయోగశాలలో పదిగంటలకు పైగా వెలిగింది. దాని నిరోధం నూరు ఓముల కోవకు చెందినది.

దీపంతో పని తీరలేదు. లోపలి నిరోధం అతిస్వల్పమైన డైనమో కావాలి. సమాంతర వలయంలో ఒకచోట తీగలు తాకుకొంటే ప్రవాహం విపరీతంగా పెరిగిపోతుంది గనుక, ముందుగా కరిగి తెగిపోయే ఫ్యూజు కావాలి. లైను పోయినకొద్దీ వోల్టేజి తగ్గి చివరి దీపాలు మసకబారుతాయి గనుక, కేంద్రం నుంచి వేర్వేరు చోట్లకు దీపాలు లేని ప్రత్యేకపు తీగలు తీసుకుపోయి అక్కడి నుంచి పంచాలి. లైను చివరి గ్రామాల్లో సాయంకాలం మోటార్లు ఆడే వేళ దీపాలు చిన్నబోవడం చూసినవారికి ఈ జబ్బును వర్ణించి చెప్పనక్కరలేదు.

1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనంలో ఎడిసన్ పద్ధతి అంతా కలిపి చూపించారు. దానిని చూసి వచ్చిన ప్రీస్, ఎడిసన్‌ను అందరికంటె కఠినంగా విమర్శించినవాడను నేనేనేమో గాని అతడు చివరకు సమస్యను సాధించాడన్న అర్థం వచ్చేటట్లు ఆ సంవత్సరాంతంలోనే లండన్ సభలో చెప్పాడు. ఆ మాట అనడానికి పెద్దమనసు కావాలి.

1882 సెప్టెంబరు 4 మధ్యాహ్నం న్యూయార్కు పెర్ల్ వీథిలోని కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. మొదట వెలిగినవి 400 దీపాలు. 1884 నాటికి పదివేలు దాటినవి.

రెండు పద్ధతులూ కలిసిన చోటు

అయినా రాగి బెడద పూర్తిగా పోలేదు. 110 వోల్టులతో మైలు దూరం దాటితే ఖర్చు భరించరానిది. 220 వోల్టులకు పెంచుదామంటే అట్టి దీపాలు ఆనాడు చేయలేకపోయారు. 1882లో ఇంగ్లండులో జాన్ హాప్కిన్సన్, అమెరికాలో ఎడిసన్ విడివిడిగా ఒకే ఉపాయం పన్నారు. రెండు డైనమోలను శ్రేణిలో కలిపితే చివర్ల మధ్య 220 వోల్టులు. దీపాలను కూడా రెండేసి శ్రేణిలో కలపాలి. అట్టి జంటలన్నీ సమాంతరంగా ఉండాలి. ఒక దీపం ఆర్పితే దాని జోడు ఆరిపోకుండా, డైనమోల నడిమి నుంచి దీపాల నడిమికి మూడవ తీగ వేయాలి. రెండు పక్కలా దీపాలు సమానంగా ఉంటే ఆ తీగలో ప్రవాహమే ఉండదు. ఎక్కువ తక్కువలు ఉంటే ఆ తేడా మాత్రం అందులో పోతుంది. వోల్టేజి రెట్టింపు, ప్రవాహం సగం గనుక తీగ అడ్డుకోత వైశాల్యం నాలుగోవంతు చాలు. మూడవ తీగ కూడా అంతే మందం వేసినా, రాగి మొత్తం మునుపటి దానిలో ఎనిమిదింట మూడు వంతులే. 1883 జూలై 4న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని సన్‌బరీలో ఈ పద్ధతి మొదటిసారి ఊరి దీపాలకు వాడారు. అమెరికాలో ఇండ్లకు నేటికీ మూడు తీగలు రావడానికి మూలం ఇదే.

అంతటితో శ్రేణి పద్ధతి ఓడిపోయిందని కొన్ని పుస్తకాలు రాస్తాయి. అది సరికాదు. శ్రేణికి ప్రవాహం మారని మూలం కావాలి, సమాంతరానికి వోల్టేజి మారని మూలం కావాలి. మొదటి దానికి తీగ తెగడం గండం, రెండవ దానికి తీగలు తాకడం గండం. మూలం మనకు వోల్టేజిని స్థిరంగా ఇస్తున్నది గనుక ఇండ్లలో సమాంతరం నిలిచింది. ట్రాము బళ్ళలో 550 వోల్టుల లైనుకు 110 వోల్టుల దీపాలు ఐదేసి వరుసగా కలిపేవారు. పండుగలకు మనం కట్టే సీరియల్ సెట్టు పేరులోనే శ్రేణి ఉన్నది. చిన్న తంత్రి బల్బుల సెట్లలో మంచి రకం వాటికి, తంత్రి తెగినప్పుడు ప్రవాహానికి పక్కదారి ఇచ్చే సన్నని తీగముక్క బల్బు లోపలే ఉంటుంది. బ్రష్ ఆర్క్ దీపంలో పెట్టిన ఏర్పాటుకు అది వారసురాలు.

విమానాశ్రయంలో విమానం దిగే బాట పక్క దీపాలు మైళ్ళ పొడవున ఉంటాయి. సమాంతరంగా కలిపితే దూరపు దీపాలు మసకగా వెలుగుతాయి. పైలటుకు బాట ఒక చివర దగ్గరగా, మరొక చివర దూరంగా ఉన్న భ్రమ కలగవచ్చు. అందుచేత వాటిని నేటికీ శ్రేణిలోనే కలుపుతారు. ప్రవాహాన్ని 6.6 ఆంపియర్ల వద్ద, వెలుగు తగ్గించవలసినప్పుడు అంతకు తక్కువగా నియమించిన మరొక మెట్టు వద్ద, స్థిరంగా నిలుపుతారు. ఒక్కొక్క దీపానికి ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. దాని మొదటి తీగచుట్ట మాత్రమే ఆ వరుసలో ఉంటుంది గనుక, దీపం మాడిపోయినా వరుస తెగదు.